‘పారసైట్’లో మంచివాళ్లెవరు అన్న ప్రశ్న పక్కన పెట్టి చూడడం ఎలా?

విజయవాడ, గుంటూరు వైపు పెరిగినవాళ్లకు వర్గపోరాటం సినిమా అనగానే ఒక లెక్క సిద్ధంగా ఉంటుంది. పైవాడు దోచుకుంటాడు, కిందివాడు భరిస్తాడు, భరించి భరించి తిరగబడతాడు. ప్రజానాట్యమండలి నాటకాలు చూసిన తాతల దగ్గర్నుంచి, ఎర్రజెండా సినిమాలకు ఈలలు వేసిన నాన్నల దాకా అందరూ ఆ లెక్కతోనే చూశారు. దాన్ని నేను తక్కువ చేయను. 1940ల్లో కృష్ణా, గుంటూరు పల్లెల్లో భూమి ఎవరిదో, చాకిరీ ఎవరిదో చెప్పడానికి అంతకన్నా సూటైన దారి లేదు. కానీ అదే లెక్కతో కొరియా దర్శకుడు బాంగ్ జూన్ హో తీసిన ‘పారసైట్’ ముందు కూర్చుంటే గంట తిరక్కుండానే తికమక మొదలవుతుంది. పేదవాళ్లు అబద్ధాలాడతారు, ఇంకో పేదవాడి ఉద్యోగం ఊడగొడతారు. ధనవంతులు మాత్రం గొంతు పెంచి మాట్లాడరు, జీతం సరిగ్గా ఇస్తారు. మరి మనం ఎవరి పక్షాన నిలబడాలి?

ఈ సినిమాకు 2019లో ఫ్రాన్స్‌లో జరిగే కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ వచ్చింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో నాలుగు ఆస్కార్లు వచ్చాయి. వాటిలో ఉత్తమ చిత్రం కూడా ఉంది, ఇంగ్లిష్ కాని భాషా చిత్రానికి అది దక్కడం అదే మొదలు. ఇన్ని అవార్డులొచ్చాయి కదా, మనకే అర్థం కాలేదేమోలే అని వదిలేసినవాళ్లు చాలామంది కనిపిస్తారు. ‘చివరికి అందరూ చెడ్డవాళ్లే’ అని ఒక్క ముక్కలో తేల్చేసినవాళ్లూ ఉన్నారు. ఆ ముక్క వింటే నాకు నిజంగా బాధేస్తుంది. ఓపికతో చూస్తే మన ఊరి అపార్ట్‌మెంట్లకూ, మన వరదకూ ఇంత దగ్గరగా వచ్చే విదేశీ సినిమా ఇంకోటి లేదనిపిస్తుంది నాకు. అలా చూడడానికి నేను పాటించే పద్ధతి ఇది. ముగింపుతో సహా అన్నీ చెబుతాను కాబట్టి, చూడనివాళ్లు ముందు సినిమా చూసి రండి.

మొదటిసారి ఆపకండి, రెండోసారి కాగితం తీసుకోండి

మొదటిసారి ఒకే విడతలో చూడండి. కొరియన్ మాటలే పెట్టుకుని సబ్‌టైటిల్స్ చదవండి. మాట అర్థం కాకపోయినా గొంతులో వినయం, విసుగు, నటన తెలుస్తాయి. ఈ సినిమాలో అవి చాలా ముఖ్యం, ఎందుకంటే సగంమంది సగంసేపు నటిస్తూనే ఉంటారు.

రెండోసారి చూసేటప్పుడు కాగితం మీద ముందు కుటుంబాలు రాసుకోండి. రోడ్డు కంటే కిందికి సగం దిగిన ఇంట్లో ఉండే కిమ్ కుటుంబం: తండ్రి కిటెక్, తల్లి చుంగ్‌సుక్, కొడుకు కివూ, కూతురు కిజుంగ్. కొండవాలు మీద పెద్ద బంగళాలో పార్క్ కుటుంబం: ఐటీ కంపెనీ నడిపే భర్త, భార్య, కూతురు దాహ్యె, చిన్నకొడుకు దాసొంగ్. ఇక్కడితో ఆపేస్తారు చాలామంది. మూడో కుటుంబం ఉంది, రాయండి: ఆ బంగళాలో పనిచేసే మూన్‌గ్వాంగ్, నేలమాళిగలో నాలుగేళ్లకు పైగా దాక్కున్న ఆమె భర్త గున్‌సే. పక్కనే డ్రైవర్ యూన్ పేరు కూడా రాయండి. అతను కనిపించేది కాసేపే గానీ, లెక్కలో అతను లేకపోతే మిగతా ఏదీ తేలదు.

దక్కింది ఎవరికి, పోయింది ఎవరికి

ఇప్పుడు కాగితం మధ్యలో నిలువుగా గీత గీయండి. సినిమాలో ఎవరు ఏ తప్పు చేసినా ఎడమవైపు దానివల్ల ఎవరికి ఏం దక్కిందో, కుడివైపు ఎవరికి ఏం పోయిందో రాయండి. మంచి, చెడు అన్న మాటలు ఇంకా రాయొద్దు.

మొదటి తప్పు దొంగ సర్టిఫికెట్. కివూ నాలుగుసార్లు యూనివర్సిటీ ఎంట్రన్స్ రాశాడు. మన గవర్నర్‌పేట, బెంజిసర్కిల్ వైపు హాస్టళ్లలో లాంగ్‌టర్మ్ మీద లాంగ్‌టర్మ్ చేసే పిల్లల్ని చూసినవాళ్లకు వాడి మొహం కొత్తగా అనిపించదు. చదువు ఉంది, సీటు లేదు. చెల్లెలు కంప్యూటర్లో సర్టిఫికెట్ తయారుచేసి ఇస్తే, ‘దీన్ని నేను మోసం అనుకోవడం లేదు, వచ్చే ఏడు ఎలాగూ ఆ యూనివర్సిటీలో చేరతాను’ అని తండ్రితో అంటాడు. ఎడమవైపు ట్యూషన్ ఉద్యోగం అని రాయండి. కుడివైపు దాదాపు ఖాళీగానే ఉంటుంది. అందుకే ఇక్కడి దాకా మనం నవ్వుతూ చూస్తాం.

తర్వాత డ్రైవర్ యూన్. కారులో లోదుస్తు వదిలి అతని మీద అనుమానం పుట్టిస్తారు. ఎడమవైపు కిటెక్‌కు డ్రైవర్ ఉద్యోగం, కుడివైపు యూన్ ఉద్యోగం. ఆ తర్వాత మూన్‌గ్వాంగ్. ఆమెకు పీచ్ పండు నూగు పడదు. ఆ నూగు చల్లి దగ్గు తెప్పించి, ఆమె పారేసిన కాగితానికి ఎర్రటి సాస్ పూసి, క్షయ అని యజమానురాలిని నమ్మిస్తారు. ఎడమవైపు చుంగ్‌సుక్‌కు వంటపని. కుడివైపు మూన్‌గ్వాంగ్ జీవనాధారం. దాంతోపాటు కింద దాక్కున్న ఆమె భర్త నోటి దగ్గరి కూడు కూడా. ఆ సంగతి కిమ్ కుటుంబానికి అప్పటికి తెలియదు.

ఇప్పుడు కుడివైపు మొత్తం ఒకసారి చదవండి. పార్క్ కుటుంబం పేరు ఎక్కడైనా ఉందా? ఒక డ్రైవర్ పోతే ఇంకో డ్రైవర్, ఒక వంటమనిషి పోతే ఇంకో వంటమనిషి. వాళ్లకు ఒక్క పూట భోజనం కూడా ఆలస్యం కాలేదు. నష్టమంతా పనివాళ్ల మధ్యే చేతులు మారింది. దర్శకుడు ఇది దాచలేదు కూడా. సెక్యూరిటీ గార్డు పోస్టు ఒకటి పడితే 500 మంది డిగ్రీవాళ్లు ఎగబడే రోజులివి అని కిటెక్ నోటే చెప్పించాడు. ఖాళీగా లేని ఉద్యోగంలోకి దూరాలంటే అందులో ఉన్నవాణ్ని తోసెయ్యాలి. ఆ ఇంట్లో తాగి కూర్చున్న రాత్రి, ఆ డ్రైవర్ యూన్‌కు ఎక్కడైనా పని దొరికుంటుందా అని కిటెక్ అడుగుతాడు. అతనిలో మనిషి ఇంకా ఉన్నాడు. కూతురు కిజుంగ్ వెంటనే అరుస్తుంది: మన సంగతి చూసుకోండి నాన్నా, సాయం కావాల్సింది మనకే! రెండోసారి చూసేటప్పుడు ఆ చోట సినిమా ఆపి, ఆ అరుపు ఎవరి మీదో ఆలోచించండి. నాకైతే అది జాలి మీద కోపంలా వినిపిస్తుంది. జాలిపడితే ఆమె ఈ ఇంట్లో కూర్చోలేదు.

ఆ వెంటనే వచ్చే సన్నివేశం ఈ పద్ధతికి గట్టి పరీక్ష. వానలో తడిసి మూన్‌గ్వాంగ్ తిరిగొస్తుంది. కింద భర్త ఆకలితో ఉన్నాడు. చుంగ్‌సుక్‌ను ‘అక్కా’ అని పిలిచి బతిమాలుతుంది, మనం మనం లేనివాళ్లం కదా అంటుంది. నేను లేనిదాన్ని కాను, అక్కా అని పిలవకు, అంటుంది చుంగ్‌సుక్. కొద్ది నిమిషాలకే కిమ్ కుటుంబం గుట్టు మూన్‌గ్వాంగ్ ఫోన్‌లో రికార్డవుతుంది. అప్పుడు అక్క లేదు, బతిమాలడం లేదు. వీడియో పంపే మీట మీద వేలుపెట్టి నలుగురినీ చేతులెత్తించి కూర్చోబెడుతుంది. ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఆ కాసేపూ యజమానులు. ఇద్దరిలో ఎవరు మంచివాళ్లు అని అడిగితే ఈ సన్నివేశంలో ఏమీ దొరకదు. ఆ పిలుపు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అని చూస్తే మొత్తం తెలుస్తుంది.

‘కాబట్టి’ లేకుండా రెండు వాక్యాలు

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. పరిస్థితులు తెలిసేకొద్దీ మనం తప్పుల్ని మాఫీ చేసేస్తాం. పాపం, పేదవాళ్లు కాబట్టి చేశారు అంటాం. ఆ ‘కాబట్టి’ని నేను ఒప్పుకోను. పేదవాళ్లందరూ అలా చేయరు. అలా అనడం వాళ్లను గౌరవించడమూ కాదు.

ఇబ్బంది పెట్టిన పాత్ర ఏదైనా సరే, రెండు వాక్యాలు రాయండి. చేసిన పని ఒక వాక్యం. ఆ పని చేసే క్షణంలో ఆ మనిషి ముందున్న దారులు రెండో వాక్యం. మధ్యలో కాబట్టి, అయినా, కానీ ఏదీ పెట్టొద్దు. చుంగ్‌సుక్ గురించి ఇలా వస్తుంది: ‘నేలమాళిగ నుంచి పైకొస్తున్న మూన్‌గ్వాంగ్‌ను చుంగ్‌సుక్ కాలితో తన్నింది, ఆమె మెట్ల మీద పడి తలకు దెబ్బ తగిలి చనిపోయింది. యజమానులు గుమ్మంలోకి వచ్చేశారు, మూన్‌గ్వాంగ్ కేక వేస్తే నాలుగు ఉద్యోగాలూ ఆ క్షణంలోనే పోతాయి.’ రెండూ నిజాలే. ఒకటి ఇంకోదాన్ని కొట్టెయ్యదు. పక్కపక్కనే పెట్టి కాసేపు చూస్తూ ఉండండి. తొందరపడి తీర్పు రాయాల్సిన పని లేదు.

లోపాలున్న పేదవాణ్ని తెరమీద చూపడం మనకు కొత్తేమీ కాదు. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ ఆధారంగా మృణాల్ సేన్ 1977లో తెలుగులోనే ‘ఒక ఊరి కథ’ తీశారు. అందులో వాసుదేవరావు వేసిన వెంకయ్య పని చేయడు. పని చేస్తే బాగుపడేది ఆసామే గానీ తాను కాదని అతని వాదన. ఆ వాదనలో నిజం ఉంది. అదే మనిషి కోడలు పురిటినొప్పులతో చనిపోతుంటే కదలడు. అతన్ని మెచ్చుకోమని సినిమా అడగదు, అతని మాట కొట్టిపారేయనూ ఇవ్వదు. ‘పారసైట్’ చూశాక ఆ సినిమా వెతుక్కుని చూడండి. రెండింటి మధ్య నలభై ఏళ్ల తేడా ఉన్నా, చూసేవాణ్ని ఇరుకున పెట్టే తీరు ఒక్కటే.

అర్థం కాని సన్నివేశం ఎదురైతే

‘ఇది దేనికి ప్రతీక?’ అని మొదటే అడగొద్దు. అలా అడిగితే ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు, దేన్నీ తప్పనలేం. దానికి ముందు మూడు అడగండి. తెరమీద జరిగిందేమిటి? ఆ వస్తువు, ఆ పని అంతకుముందు ఎక్కడ కనిపించింది? అప్పుడు ఎవరి చేతిలో ఉంది?

రాయి సంగతి తీసుకోండి. కివూ స్నేహితుడు మిన్‌హ్యూక్ తన తాత సేకరించిన రాళ్లలోంచి ఒకటి తెచ్చి కానుకగా ఇస్తాడు, అది ఇంటికి సంపద తెస్తుందని చెబుతాడు. తినడానికేమైనా తెస్తే బాగుండేది అని తల్లి గొణుగుతుంది. అదే పూట ఆ స్నేహితుడు తన ట్యూషన్ కివూకు అప్పజెబుతాడు. అంటే రాయీ, ఉద్యోగమూ ఒకే చేతి నుంచి వచ్చాయి. రెండూ ఉన్నవాళ్ల ఇంటి నుంచి దయగా జారినవి. వరద రాత్రి ఇల్లు మునిగితే తండ్రి భార్య పాత హామర్ త్రో పతకం తీసుకుంటాడు, కొడుకు ఆ రాయి తీసుకుంటాడు. మరునాడు దాన్ని మోసుకుని గున్‌సే ఉన్న నేలమాళిగలోకి దిగుతాడు. చివరికి అదే రాయితో గున్‌సే వాడి తల పగలగొడతాడు. ఆఖర్లో కివూ దాన్ని తీసుకెళ్లి ఏటి నీళ్లలో మిగతా రాళ్ల మధ్య పెడతాడు. వరుసగా రాసుకున్నాక ప్రతీక గురించి వాదించుకోవాల్సిన అవసరం చాలావరకు పోతుంది. సంపద తెస్తుందన్న ఒక మాటను ఆ కుర్రాడు ఎంత బరువుగా మోశాడో కనిపిస్తుంది. వరద నీళ్లలోంచి రాయి పైకి తేలినట్టు కనపడడం మీద మాత్రం రెండు రకాలుగా మాట్లాడుకోవచ్చు, అది బోలు నకిలీ రాయి అనీ, కివూ కళ్లకు అలా కనపడిందనీ. సినిమా ఏదీ తేల్చదు. మీరూ తేల్చకండి.

ఇల్లంతా మురికినీళ్లు నిండినప్పుడు కిజుంగ్ పొంగుతున్న మరుగుదొడ్డి మూత మీద కూర్చుని సిగరెట్ వెలిగించుకోవడం ఇంకో చిక్కు సన్నివేశం. ఆ మరుగుదొడ్డి ఎక్కడుందో గుర్తుచేసుకోండి. సినిమా మొదట్లో అన్నాచెల్లెళ్లు పక్కింటి వైఫై కోసం ఫోన్ పైకెత్తి తిరిగి తిరిగి, సిగ్నల్ దొరికి కూర్చున్న చోటు అదే. ఆ ఇంట్లో అన్నిటికన్నా ఎత్తైన చోటు అదే. ఆ పిల్లకు ఎక్కడానికి ఇంకేం మిగిలింది?

ఆపరేషన్ తర్వాత కివూ నవ్వు ఆపుకోలేకపోతాడు, చెల్లెలి ఫొటో ముందు కూడా. దెబ్బకు మెదడు చెదిరిందన్న కారణం సినిమాలోనే ఉంది. అది చాలు. దానికి పెద్ద అర్థం తొడగాలని చూడొద్దు. అందరూ పదే పదే అడిగే ఇంకో సంగతి, దాసొంగ్ టెంటులో కూర్చుని మెరుస్తున్న దీపం చూసి మోర్స్ సంకేతం (చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే పద్ధతి) రాసుకుంటాడు కదా, ఎవరికీ ఎందుకు చెప్పలేదని. పిల్లవాడికి అది ఆట. సాయం అడిగే సంకేతం ఆ ఇంట్లో ఒకరి కంటపడింది, ఏమీ జరగలేదు. ఆ ఏమీ జరగకపోవడమే అక్కడున్న సంగతి.

వాసనను వరసబెట్టండి

కిటెక్ ఆఖర్లో పార్క్‌ను ఎందుకు పొడిచాడు? పార్క్ అతనికి ఏం అన్యాయం చేశాడని? అన్ని ప్రశ్నల్లోకీ ఎక్కువమంది అడిగేది ఇదే. దీనికి జవాబు ఆ ఒక్క సన్నివేశంలో దొరకదు. వాసన గురించి ఎవరు ఏమన్నా, ఏం చేసినా మొదట్నుంచీ వరసగా రాయండి.

మొదట చిన్నపిల్లాడు దాసొంగ్ అంటాడు, వీళ్లందరి దగ్గరా ఒకే వాసన అని. ఆ రాత్రి ఇంట్లో వేరువేరు సబ్బులు వాడదామా అని మాట్లాడుకుంటారు. కిజుంగ్ చెబుతుంది, ఇది సబ్బుది కాదు, ఈ ఇంటి వాసన, ఇల్లు మారితే గానీ పోదని. తర్వాత వాన రాత్రి. తండ్రీ పిల్లలూ బల్ల కింద దాక్కుంటారు, పక్కన సోఫాలో పార్క్ దంపతులు. డ్రైవర్ హద్దు దాటబోయినట్టే ఉంటాడు గానీ దాటడు, అతని వాసన మాత్రం దాటుతుంది, మెట్రో రైల్లో వచ్చే వాసనలాంటిది అని పార్క్ భార్యతో చెబుతాడు. పిల్లల పక్కన పడుకుని తండ్రి ఆ మాట వింటాడు. మరునాడు కారులో పార్క్ భార్య ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని అద్దం దింపుతుంది. ముందు సీట్లో ఉన్నవాడు రాత్రి ఇల్లు మునిగి, వరద బాధితులతో జిమ్ హాలులో నేల మీద పడుకుని వచ్చాడని ఆమెకు తెలియదు.

పార్క్ గొంతు ఎప్పుడు మారుతుందో కూడా ఈ వరసలోనే చేర్చండి. ‘ఏమైనా మీకు ఆవిడంటే ప్రేమ కదా’ అని కిటెక్ చనువుగా అన్నప్పుడు అతని మొహం బిగుసుకుంటుంది. పుట్టినరోజు తోటలో కిటెక్ మళ్లీ అలాంటి మాటే అంటే, ఈరోజుకు అదనంగా డబ్బు ఇస్తున్నాం, ఇది ఉద్యోగంలో భాగం అనుకో, అంటాడు. తిట్టు లేదు, కేక లేదు. ఎక్కడ నిలబడాలో చెప్పాడు, అంతే.

ఇప్పుడు తోట సన్నివేశం చూడండి. కిజుంగ్ నెత్తురోడుతోంది. దాసొంగ్ మూర్ఛపోయాడు. పార్క్ కారు తాళాల కోసం అరుస్తున్నాడు. తాళాలు గున్‌సే ఒంటి కింద పడ్డాయి. వాటిని తీస్తూ పార్క్ ముక్కు మూసుకున్నాడు. ముక్కు మూసుకున్నది కిటెక్ వాసనకు కాదు. నేలమాళిగలో ఏళ్ల తరబడి బతికినవాడి వాసనకు. నిన్న రాత్రి దాకా కిటెక్ కుటుంబం ఆ మనిషితోనే పెనుగులాడింది, కొద్ది క్షణాల కింద కన్నకూతుర్ని పొడిచిందీ ఆ మనిషే. అలాంటివాడి కోసం కిటెక్ చెయ్యి లేచింది. ఆ ముక్కు మూసుకోవడంలో తనూ, గున్‌సే ఒకే వైపు ఉన్నారని అతనికి ఒక్కసారిగా తగిలింది. ‘అక్కా’ అన్న పిలుపుతో రానిది అప్పుడొచ్చింది, చేతిలో కత్తి ఉండగా.

దీన్ని తిరుగుబాటు అని చప్పట్లు కొట్టేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ చర్య తర్వాత కిటెక్ ఎక్కడికి పోయాడు? గున్‌సే ఉన్న అదే నేలమాళిగలోకి. గున్‌సే లాగే గోడ మీది పార్క్ ఫొటో చూస్తూ క్షమించమని ఏడుస్తాడు. ఒక మనిషి పోయాడు, ఆ గది అలాగే ఉంది. కొత్తగా కొనుక్కున్నవాళ్లు పైన కాపురం పెట్టారు.

ఎత్తుపల్లాలు మన కళ్లతో చదవడం

సినిమాలో ఉన్నవాళ్లు పైన, లేనివాళ్లు కింద. వాన రాత్రి తండ్రీ పిల్లలూ బంగళా నుంచి మెట్లూ వీధులూ దిగుతూ, దిగుతూనే ఉంటారు, నీళ్లూ వాళ్లతోపాటే దిగుతాయి. కిమ్ కుటుంబం ఉండే వీధి మొత్తాన్నీ నీళ్ల ట్యాంకులో సెట్ వేసి ముంచారు. అంత కష్టపడ్డది ఈ దిగడం మన ఒంటికి తెలియాలనే.

విజయవాడవాళ్లు ఇక్కడ ఒక అడుగు ఆగాలి. మన ఊళ్లో ఎత్తుకు ఆ అర్థం లేదు. చిట్టినగర్, విద్యాధరపురం, గుణదల కొండల మీద ఇళ్లు కట్టుకున్నది ఉన్నవాళ్లు కాదు. కింద స్థలం కొనలేనివాళ్లే మెట్లెక్కి, సరుకులు మోసుకుని అక్కడ బతుకుతారు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండరాళ్లు విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. మర్నాడే బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం మునిగాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలిన రోజులవి. ఒకే వానకు కొండమీద ఉన్న పేదవాడూ దెబ్బతిన్నాడు, పల్లంలో ఉన్న పేదవాడూ దెబ్బతిన్నాడు. అందుకే ‘పైన అంటే ధనం, కింద అంటే పేదరికం’ అని బట్టీపట్టొద్దు. ఒకే సంఘటన ఎవరికి ఏమవుతుందో చూడండి, అది ఏ ఊరికైనా పనికొస్తుంది. వరద మర్నాడు పార్క్ భార్య ఫోన్‌లో, వానకు గాలి శుభ్రపడింది, ఎంత మంచిదయిందో అంటుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. బీరువా గదిలో ఆమె బట్టలు ఎంచుకుంటుంటే జిమ్ హాలులో జనం దానంగా వచ్చిన బట్టల కుప్పలో వెతుక్కుంటారు. ఆ రెండు దృశ్యాలూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సింగ్‌నగర్‌లో ఫైరింజన్లతో బురద కడిగించుకున్న ఇళ్లవాళ్లకు, ఆ వారమంతా ఊళ్లో వరద నీళ్లు రాని పేటల్లో కాఫీ తాగుతూ వాన గురించి ఎలా మాట్లాడుకున్నారో గుర్తుండే ఉంటుంది.

నేలమాళిగకు మన ఊళ్లో సాటి వెతకాలంటే కొండల దాకా పోనక్కర్లేదు. పటమటలోనో లబ్బీపేటలోనో ఏ అపార్ట్‌మెంటుకైనా వెళ్లి సెల్లార్‌లో కార్ల వెనక చూడండి. మెట్ల కింద వాచ్‌మన్ గది ఉంటుంది. అందులో భార్య, పిల్లలు, గ్యాస్ పొయ్యి, దేవుడి పటం. పైవాళ్లకు మోటారు వేసేదీ, కారు తుడిచేదీ, రాత్రి గేటు తీసేదీ ఆ గదే. గున్‌సే కింద నుంచి తలతో మీటలు నొక్కి పార్క్ మెట్లెక్కేటప్పుడు దీపాలు వెలిగిస్తాడు. పార్క్ అది సెన్సార్ పని అనుకుంటాడు.

మంచివాళ్ల మంచితనం

పార్క్ దంపతుల్ని దుర్మార్గుల్ని చేయొద్దు. అలా చేస్తే సినిమా తేలికైపోతుంది. వాళ్లు మర్యాదస్తులు, పిల్లలంటే ప్రాణం. చుంగ్‌సుక్ తాగిన మత్తులో దీనికి సమాధానం చెప్పేసింది: డబ్బుంది కాబట్టే మంచిగా ఉన్నారు, నాకూ అంత ఉంటే నేనూ మంచిదాన్నే. ఇది ఆమె అభిప్రాయం, దర్శకుడి తీర్పు అనుకోకండి. మీ కాగితం మీది లెక్కతో సరిపోల్చి, ఎంతవరకు నిజమో మీరే చూసుకోండి. నాకైతే ముప్పాతిక వంతు నిజమనిపిస్తుంది. మిగతా పాతిక మూన్‌గ్వాంగ్ దగ్గరుంది. చేతిలో చిల్లిగవ్వ లేకుండా భర్తను నాలుగేళ్లు సాకింది ఆమె.

ఆఖరి నిమిషాల్లో ఏది జరిగింది, ఏది ఊహ

కివూ డబ్బు సంపాదించి ఆ ఇల్లు కొంటాడు. తండ్రి మెట్లెక్కి ఎండలోకి వస్తాడు, ముగ్గురూ కలుసుకుంటారు. ఇది చూసి ‘సుఖాంతం’ అన్నవాళ్లున్నారు. కెమెరా తర్వాత ఎక్కడికి వెళ్లిందో చూడండి. మొదటి దృశ్యంలో లాగే కిటికీ దగ్గర మొదలై, కిందికి దిగి, అదే సగం మునిగిన గదిలో కూర్చున్న కివూ దగ్గర ఆగుతుంది. ఇల్లు కొనడం వాడు తండ్రికి రాసుకున్న ఉత్తరంలోని సంగతి. ఆ ఉత్తరం చేర్చే దారి కూడా వాడికి లేదు. తండ్రి దీపంతో సంకేతం పంపగలడు గానీ, కొడుకు తిరిగి పంపలేడు. జిమ్ హాలులో తండ్రి అన్నది కూడా దీని పక్కన రాసుకోండి: అసలు ప్లానే లేకపోతే అది చెడిపోయే పని లేదు. ఆ తండ్రికి ఈ కొడుకు మళ్లీ ఒక ప్లాన్ రాస్తున్నాడు.

నలుగురు కలిసి చూస్తే

సినిమా అయిన వెంటనే చర్చ పెట్టకండి. టీ తాగే వ్యవధి ఇవ్వండి. మొదటి ప్రశ్న ‘ఎలా ఉంది?’ అని అడిగితే బాగుంది, బాగాలేదు అన్న దగ్గరే ఆగిపోతుంది. ‘మీకు ఏ క్షణంలో ఇబ్బందిగా అనిపించింది?’ అని అడగండి. ఒకరు తన్నడం అంటారు, ఒకరు ముక్కు మూసుకోవడం అంటారు. ఎవరు ఏమంటారో దాన్ని బట్టే వాళ్లు ఆ ఇంట్లో ఏ గది నుంచి చూస్తున్నారో తెలుస్తుంది. పెద్దవాళ్లు ఒకరైనా ‘హీరో ఎవరండీ మరి?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నను చిన్నచూపు చూడొద్దు. వాళ్లు చూసిన సినిమాల్లో హీరో ఎవరో చెప్పమని, ఆ హీరో ఎవరి ఉద్యోగం తీసుకోకుండా గెలిచాడో చెప్పమని అడగండి. అక్కణ్నుంచి మాట దానంతటదే సాగుతుంది.

సమయం తక్కువైతే ఒక్క పని చేయించండి. అందరూ మూన్‌గ్వాంగ్ పక్షాన కథ చెప్పాలి, ఆమె ఆ ఇంట్లో పనికి చేరిన రోజు నుంచి మెట్ల మీద పడిన రాత్రి వరకు. ఆమె కథలో కిమ్ కుటుంబం ఎవరు, పార్క్ కుటుంబం ఎవరు అని చివర్లో అడగండి.